కాన్వెంటా, గవర్నమెంటు బడా, గురుకులమా? గోదావరి జిల్లాల్లో బడి ఎంచుకునేవాళ్ళకి

ఏప్రిల్ నెలాఖరు వచ్చిందంటే అమలాపురం గడియారస్తంభం సెంటరు నుంచి పాలకొల్లు బస్టాండు దాకా ఎక్కడ చూసినా టెన్త్ మార్కుల ఫ్లెక్సీలే. 590 దాటిన పిల్లలు పై వరసలో పెద్ద ఫొటోల్లో, 580 వాళ్ళు కింద వరసలో చిన్న ఫొటోల్లో ఉంటారు. ఇంకోపక్క ఎండలో గొడుగులేసుకుని ఇంటింటికీ తిరిగే కాన్వెంటు టీచర్లు. ఇన్ని అడ్మిషన్లు తేవాలని వాళ్ళకి టార్గెట్ ఉంటుంది పాపం, వాళ్ళని కసురుకుని లాభం లేదు. మన దగ్గర చాలామంది ఫ్లెక్సీ చూసో, గుమ్మంలోకొచ్చిన టీచరు మాట విని మొహమాటపడో బడి ఖాయం చేసేస్తారు.

ఫ్లెక్సీ మీద ఎప్పుడూ కనపడని లెక్క ఒకటుంది. ఆ బ్యాచ్ ఆరో తరగతిలో చేరినప్పుడు ఎంతమంది, పదో తరగతి పరీక్ష రాసినప్పుడు ఎంతమంది? ఎనిమిదిలోనో తొమ్మిదిలోనో తండ్రిని పిలిచి "మీవాడికి మా దగ్గర కష్టమండీ, ఇంకెక్కడన్నా చూసుకోండి" అని సాగనంపిన పిల్లలు ఆ లెక్కలో తేలతారు. ఫస్టొచ్చిన పిల్ల ఏ బడిలో వేసినా చదువుకునేది. వెనకబడ్డ పిల్లాణ్ణి ఆ బడి ఏం చేస్తోందో చూడండి, అసలు సంగతి తెలుస్తుంది. ఇక్కడ నేను చెప్పే సలహాలన్నీ ఈ ఒక్క కొలత మీద నిలబడ్డవే.

ముందు ఇంట్లో చూసుకోండి

నాణ్యమైన చదువు గురించి పెద్ద పెద్ద మాటలు చాలా ఉన్నాయి. 2020 జాతీయ విద్యా విధానం మాత్రం ఒక విషయం సూటిగానే చెప్పింది. చిన్న తరగతుల్లోనే చదివి అర్థం చేసుకోవడం, మామూలు లెక్కలు చేయడం రాకపోతే మిగతా విధానమంతా ఆ పిల్లల వరకు దండగేనని దాని సారాంశం. ఆ రెండూ మీవాడికి వచ్చాయో లేదో ప్రోగ్రెస్ కార్డు చెప్పదు. మీరే చూడొచ్చు.

రోజూ వచ్చే పేపర్లో జిల్లా పేజీ తీసి నాలుగు వాక్యాల వార్త చదివించండి. పాఠ్యపుస్తకం వద్దు, అందులోది నోటికొచ్చేసి ఉంటుంది. చదివాక పుస్తకం మూసినట్టు పేపరు మడిచేసి "ఏం జరిగిందిరా?" అని అడగండి. గడగడా చదివి, ఏం జరిగిందో చెప్పలేని పిల్లలు ఎంతమందో మీరే ఆశ్చర్యపోతారు. తర్వాత ఒక నోటి లెక్క: వెయ్యి కొబ్బరికాయలు 12,000 రూపాయలయితే 250 కాయలకి ఎంతొస్తుంది? ఇక్కడ జవాబు కంటే ముందు వాడు అడిగే ప్రశ్న వినండి. "కూడాలా, తీసెయ్యాలా?" అని అడిగాడంటే వాడికి లెక్క చేయడం నేర్పారు, లెక్క అర్థం చేసుకోవడం నేర్పలేదు. కొంచెం పెద్ద పిల్లలయితే ధవళేశ్వరం బ్యారేజీ అంకెలు ఇవ్వండి. నీటిమట్టం 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఇవాళ 12.5 ఉంటే రెండో హెచ్చరికకి ఇంకెంత పెరగాలి? ఏటా జూలై, ఆగస్టుల్లో పెద్దవాళ్ళు అరుగు మీద కూచుని వేసుకునే లెక్కే ఇది.

దేశమంతా పల్లెల్లో చేసే 'అసర్' సర్వే కూడా ఇంచుమించు ఇలాగే నడుస్తుంది. ఇంటికే వచ్చి రెండో తరగతి స్థాయి పాఠం చదివిస్తారు, అప్పు తెచ్చుకునే తీసివేత, మూడంకెల సంఖ్యని ఒక అంకెతో భాగించే లెక్క ఇస్తారు. ఐదో తరగతి పిల్లలు కూడా ఇందులో తడబడతారు. కాబట్టి మీవాడికి రాకపోతే కంగారుపడి వీపు మీద వేయకండి. ఏ బడి ఎంచుకోవాలన్న ఆలోచన అక్కణ్ణించి మొదలుపెట్టండి.

గవర్నమెంటు ఎలిమెంటరీ బడి

గవర్నమెంటు బడి అంటే ఒకే రకం బడి అనుకోవడం పొరపాటు. పక్కపక్క ఊళ్ళలోనే నేలకీ నింగికీ ఉన్నంత తేడా ఉంటుంది. మొట్టమొదట అడగాల్సింది టీచర్లు ఎంతమందని. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక బడిలో 60 మంది లోపు పిల్లలుంటే ఇద్దరు టీచర్లు, 90 దాకా ముగ్గురు, 120 దాకా నలుగురు ఉండాలి. అంటే పాతికమంది పిల్లలున్న లంక ఊరి బడిలో చట్టం పక్కాగా అమలైనా ఐదు తరగతులకి ఇద్దరే. అందులో ఒకరు సెలవు పెడితే రెండోవారికి ఒకటో తరగతి అక్షరాలు, ఐదో తరగతి భిన్నాలు అన్నీ ఒకే గదిలో. ఎంత మంచి మాస్టారైనా అక్కడ చేయగలిగింది తక్కువే. ఈమధ్య పెట్టిన మోడల్ ప్రైమరీ స్కూళ్ళలో తరగతికో టీచరు అన్న పద్ధతి ఉంది. మీ ఇంటికి దగ్గర్లో అలాంటిది ఉంటే, కాన్వెంటు వాను ఎక్కించేముందు ఒకసారి ఆ గడప తొక్కి రండి.

గవర్నమెంటు టీచర్ల మీద ఎన్ని విసుర్లు విసిరినా, డిఎస్సీ గట్టెక్కి వచ్చినవాళ్ళకి సబ్జెక్టు వచ్చు. 2025 మెగా డిఎస్సీలో 16,347 పోస్టులకి ఎంత పోటీ పడ్డారో ఆ కోచింగ్ సెంటర్ల చుట్టూ తిరిగినవాళ్ళనడిగితే చెప్తారు. పేచీ ఎక్కడంటే, వచ్చిన చదువుని తరగతిలో రోజూ పెడుతున్నారా అన్నదగ్గర. అది బడిబడికీ మారుతుంది, ఒక్కోసారి హెడ్మాస్టరు బదిలీ అయితే అదే బడి మారిపోతుంది.

భోజనం సంగతి. మధ్యాహ్న భోజనానికి ఇప్పుడున్నది డొక్కా సీతమ్మ గారి పేరు. లంకల గన్నవరంలో వేళ కాని వేళ వచ్చినవాళ్ళకి కూడా కాదనకుండా అన్నం పెట్టిన తల్లి, మన ప్రాంతం మనిషి. 2025 జూన్ నుంచి సన్నబియ్యం పెడుతున్నారు. పేరుకి తగ్గట్టు వండుతున్నారో లేదో పిల్లలు క్యారేజీ తెచ్చుకుంటున్నారా అన్నదాన్నిబట్టి తెలిసిపోతుంది. పుస్తకాలు, యూనిఫాం, బూట్లు బడివాళ్ళే ఇస్తారు. తల్లికి వందనం మాత్రం ఇక్కడ పోలికలోకి రాదు. 2025లో తల్లి ఖాతాలో పడ్డ 13,000 ప్రైవేటులో చదివేవాళ్ళకీ వచ్చాయి.

బడి చూడ్డానికి వెళ్తే పొద్దున్న ప్రార్థన వేళకి కాదు, పదకొండు ప్రాంతంలో వెళ్ళండి. రంగులేసిన గోడలు, టీవీ పెట్టిన గది చూపిస్తారు. చూడండి, బాగానే ఉంటాయి. తర్వాత ఐదో తరగతి లెక్కల నోట్సులు ఓ నాలుగు అడగండి. నాలుగింటిలోనూ ఒకే చోట ఒకే తప్పు ఉండి, నాలుగింటి మీదా ఎర్ర టిక్కు ఉందనుకోండి. బోర్డు మీద తప్పు పడింది, పిల్లలు ఎక్కించుకున్నారు, మాస్టారు చూడకుండా గీసేశారు. అలాకాక ఒక నోట్సులో కొట్టివేతలు, ఎర్రసిరాతో చుట్టిన తప్పు, దాని కిందే అదే లెక్కని పిల్లాడు మళ్ళీ చేసుకున్నది కనపడ్డాయనుకోండి, ఆ బడి పెంకుల కప్పు కింద ఉన్నా సరే చేర్చేయండి. ఈ పరీక్ష కాన్వెంటుకీ వర్తిస్తుంది. అక్కడ మాత్రం ముత్యాల్లాంటి దస్తూరీ చూసి మోసపోకండి, చాలా నోట్సులు బోర్డుకి నకళ్ళే.

కాన్వెంటు

కాన్వెంటులో బాగున్నవి ముందు ఒప్పుకోవాలి. టీచరు రోజూ వస్తారు. పిల్లాడు రాకపోతే పది గంటలకల్లా ఫోనొస్తుంది. డైరీ ఉంటుంది, హోంవర్కు ఉంటుంది, అడిగితే సమాధానం చెప్పే మనిషి ఆఫీసు గదిలో ఉంటాడు. కువైట్‌లోనో దుబాయ్‌లోనో పనికెళ్ళిన తల్లి, అమ్మమ్మ దగ్గర వదిలిన పిల్లని కాన్వెంటులో వేస్తోందంటే ఇంగ్లీషు మోజే అనుకోకూడదు. తను లేనప్పుడు బిడ్డని ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉంటారన్న ధీమా కొనుక్కుంటోంది. గవర్నమెంటు బడులు ఆ ధీమా ఇవ్వగలిగిన రోజున కాన్వెంటు వాన్లు సగం ఖాళీ అవుతాయని నాకనిపిస్తుంది.

ఇక లోపాలు. చిన్న కాన్వెంట్లలో జీతాలు తక్కువ. టీచర్లు ఏడాది తిరిగేసరికి వెళ్ళిపోతారు, కొందరు డిఎస్సీకి చదువుకుంటూ మధ్యలో కాలక్షేపానికి చెప్పేవాళ్ళు. అందుకని ఫీజు మాట్లాడేముందు అడగాల్సింది: పోయినేడు ఇక్కడ మూడో తరగతికి చెప్పినవాళ్ళలో ఈ ఏడు ఎవరెవరున్నారు? సెక్షన్లున్న బడి అయితే ఇంకోటి అడగండి: చివరి సెక్షన్‌కి లెక్కలు ఎవరు చెప్తారు? మార్కుల్నిబట్టి సెక్షన్లు చేసి, ఉన్నవాళ్ళలో గట్టి మాస్టార్లని 'ఎ' సెక్షన్‌కి, కొత్తగా చేరినవాళ్ళని సి సెక్షన్‌కి వేసే చోట మీ ఫీజుతో పక్కింటి పిల్ల ఫ్లెక్సీ అచ్చువేస్తారు. ఈ ప్రశ్నకి ఆఫీసులో కాస్త నీళ్ళు నమిలారంటే మీకు సమాధానం వచ్చేసినట్టే.

గుర్తింపు కూడా చూసుకోవాలి. కొన్నిచోట్ల ఏడో తరగతి దాకానే గుర్తింపు ఉంటుంది, పది దాకా నడుపుతారు. పరీక్ష మాత్రం ఇంకో బడి పేరు మీద రాయిస్తారు. మా మండలంలోనే ఒకచోట ఇలా జరిగితే ఒక తండ్రికి హాల్ టికెట్ చేతికొచ్చేదాకా ఈ సంగతి తెలీదు. ప్రతి బడికీ 11 అంకెల యూడైస్ కోడ్ ఉంటుంది. అది అడిగి తీసుకుంటే ఆ బడికి ఏ తరగతి దాకా అనుమతి ఉందో ఆన్‌లైన్లో, కాదంటే మండల విద్యాశాఖాధికారి ఆఫీసులో తేల్చుకోవచ్చు.

ఖర్చు లెక్కేసేటప్పుడు ఫీజొక్కటే వేస్తారు చాలామంది. వాను, పుస్తకాలు, రెండు జతల యూనిఫాం, బెల్టు, బూట్లు, సాయంత్రం ట్యూషన్ కలపండి. కాన్వెంటుకి పంపుతూ అదే సబ్జెక్టుకి ఇంటిదగ్గర ట్యూషన్ పెట్టించాల్సి వస్తోందంటే, చదువు చెప్తోంది ట్యూషన్ మాస్టారు. వాను దూరం కూడా ఖర్చే. కాలవగట్ల మీద మలుపుమలుపుకీ ఆగుతూ పోయే వానులో ఏడేళ్ళ పిల్ల పొద్దున్న ఏడింటికెక్కి సాయంత్రం ఆరింటికి దిగితే ఇంక చదివేదేముంది, కూచున్నచోటే నిద్రపోతుంది. వరద రోజుల్లో లంకల పిల్లలకి ఇది మరీ కష్టం. సఖినేటిపల్లి నుంచి నర్సాపురం రేవుకో, ముక్తేశ్వరం నుంచి కోటిపల్లికో గోదారి దాటి చదువుకునే పిల్లలుంటే పంటు ఆగిన రోజులన్నీ బడి మానేసిన రోజులే.

డబ్బు కుదరక కాన్వెంటు వద్దనుకునేవాళ్ళకి ఒక మాట. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రైవేటు బడులు ఒకటో తరగతిలో 25 శాతం సీట్లు బలహీనవర్గాల పిల్లలకి ఉచితంగా ఇవ్వాలి. మన రాష్ట్రంలో వీటికి ఆన్‌లైన్లో దరఖాస్తు పెట్టుకోవాలి. నోటిఫికేషన్ బడి తెరిచేముందే వచ్చేస్తుంది, జూన్‌లో వెళ్ళి అడిగితే అయిపోయిందంటారు.

మీడియం గొడవ

దీనిమీద ఎక్కువ రాయను. ఇప్పుడు గవర్నమెంటు బడుల్లోనూ ఇంగ్లీషు మీడియమే, పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురుపేజీ ఇంగ్లీషు. కాబట్టి ఇంగ్లీషు కోసమే కాన్వెంటు అన్న వాదన పాతబడింది. నా మట్టుకు నాకు ఆ ఎదురెదురు పేజీలు మంచి ఏర్పాటే. పాఠం తెలుగులో అర్థం చేసుకుని ఇంగ్లీషులో రాసే పిల్లకి రెండూ వస్తాయి. తెలుగు వార్త చదివి ఏం జరిగిందో చెప్పలేని పిల్లకి 'ఫొటోసింథసిస్' స్పెల్లింగు వచ్చినా ఆకు ఏం చేస్తుందో తెలీదు.

ఆరో తరగతి దగ్గర

అయిదు అయ్యాక దారి చీలుతుంది. జెడ్పీ హైస్కూలు, నవోదయ, గురుకులం, హాస్టలున్న కార్పొరేట్ స్కూలు.

వీటిలో నవోదయ సీటొస్తే కళ్ళు మూసుకుని చేర్చండి. పాత తూర్పుగోదావరికి పెద్దాపురంలో, పాత పశ్చిమగోదావరికి పెదవేగిలో ఉంది. మామూలుగా 80 సీట్లు, నాలుగింట మూడొంతులు పల్లెటూరి పిల్లలకే, మూడోవంతు ఆడపిల్లలకి. అయిదో తరగతి చదివే ఏడాదే పరీక్ష రాయాలి. రెండు గంటల్లో 80 ప్రశ్నలు, అందులో సగం మేధాశక్తి బొమ్మల ప్రశ్నలు. అక్కడ నాకు నచ్చేది తొమ్మిదో తరగతిలో కొందరు పిల్లల్ని ఏడాదిపాటు వేరే భాష రాష్ట్రంలోని నవోదయకి పంపడం. గోదారి గట్టు దాటని పిల్లాడు హిందీ మాట్లాడే ఊళ్ళో తొమ్మిది చదివి వస్తే వచ్చే తెగువ ఏ కోచింగూ ఇవ్వదు. కానీ సీట్లు ఎన్నని? దానికోసం మూడో తరగతి నుంచే పిల్లాణ్ణి కోచింగ్ సెంటర్లో కుదేయడం అన్యాయం.

అంబేద్కర్ గురుకులాలు, జ్యోతిబా ఫూలే బీసీ గురుకులాలు ఆరు దాకా ఆగవు, అయిదో తరగతిలోకే ప్రవేశ పరీక్షతో తీసుకుంటాయి. ఇల్లు చదువుకి వీలుగా లేని పిల్లలకి, రొయ్యల చెరువుల దగ్గర కాపలా ఉంటూ ఊరూరూ మారే కుటుంబాల పిల్లలకి ఇవి నిజంగా ఆసరా. చేర్చేముందు నీళ్ళు, బాత్‌రూములు, రాత్రిపూట పిల్లలకి జ్వరమొస్తే చూసే మనిషి ఎవరన్నది కళ్ళతో చూసి రండి.

కార్పొరేట్ హాస్టల్లో ఆరో తరగతికే 'ఐఐటీ ఫౌండేషన్' అంటూ వేసేదానికి నేను వ్యతిరేకిని. పదకొండేళ్ళ పిల్లాడికి పొద్దున్న ఆరు నుంచి రాత్రి పది దాకా స్టడీ అవర్స్ ఏమిటండీ? ఇంటర్‌కి విజయవాడ పంపడం వేరే సంగతి, అప్పటికి వాడికి తనకేం కావాలో చెప్పే నోరుంటుంది.

జెడ్పీ హైస్కూలుకి ఉన్న ఒక లాభం చాలామందికి తెలీదు. నూజివీడు ట్రిపుల్ ఐటీ 2008 నుంచి పదో తరగతి మార్కుల మీదే ఆరేళ్ళ ఇంటిగ్రేటెడ్ బీటెక్‌కి తీసుకుంటోంది. హాస్టల్ లేని ప్రభుత్వ బడుల్లో చదివినవాళ్ళకి 4 శాతం అదనంగా కలుపుతారు. అర మార్కుకి సీట్లు తారుమారయ్యే చోట నాలుగు శాతమంటే మాటలు కాదు. ఏడో తరగతి దాకా కాన్వెంటులో చదివించి, ఇప్పుడు పదికి ఏం చేద్దామని ఆలోచించే తండ్రులు దీన్ని లెక్కలోకి తీసుకోవాలి.

ఊరికి దీంతో ఏం పని?

వీరేశలింగం పంతులు 1874లో ధవళేశ్వరంలో ఆడపిల్లల బడి పెట్టినప్పుడు గొడవంతా బడి గుమ్మం దగ్గరే. ఎవర్ని లోపలికి రానిస్తారన్నదే ప్రశ్న. తర్వాత కాకినాడలో రఘుపతి వెంకటరత్నం నాయుడు గారు పిఠాపురం రాజా కళాశాల ప్రిన్సిపాల్‌గా ఉంటూ దళిత విద్యార్థుల హాస్టలుకి అండగా నిలబడ్డారు, అదీ ఆ గుమ్మం పోరాటమే. ఇప్పుడు పిల్లలంతా ఏదో ఒక గుమ్మం లోపలే ఉన్నారు. లోపలికొచ్చినవాళ్ళలో ఎవరికి నేర్పుతున్నాం, ఎవర్ని వెనకబెంచీలో కూచోబెట్టి పది దాటిస్తున్నాం అన్నది మన తరం ప్రశ్న.

రైతు కొడుకూ కూలీ కొడుకూ ఒకే బడికి వెళ్ళే రోజుల్లో టీచరు వారం రోజులు రాకపోతే రైతు వెళ్ళి అడిగేవాడు. ఆ అడగడం వల్ల కూలీ పిల్లాడికీ పాఠం దొరికేది. అడిగే నోళ్ళన్నీ వానెక్కి వెళ్ళిపోయాక బడిలో మిగిలింది అడగలేనివాళ్ళ పిల్లలే. దీనికి తల్లిదండ్రుల్ని తప్పుపట్టను, ఎవరి బిడ్డ వాళ్ళకి ముఖ్యం. అయితే మీ పిల్లలు కాన్వెంటులో ఉన్నా ఊరి బడి మీదే. మెగా పేరెంట్ టీచర్ మీటింగుకి ఊళ్ళో పెద్దవాళ్ళు వెళ్ళి మైకులో మాట్లాడి దండలేయించుకుని వచ్చే బదులు, ఆ నోట్సులు నాలుగు అడిగి చూస్తే బాగుంటుంది. ఆక్వా చెరువుల దగ్గర మందుల డబ్బా మీద మోతాదు చదవలేక ఎక్కువ కలిపేసి రొయ్య పోగొట్టుకున్న రైతుకి ఇది ఎవరి పని అని నేను వేరే చెప్పక్కర్లేదు.

మరి ఎవరు ఎక్కడ?

ఇంట్లో సాయంత్రం ఒక గంట పిల్లలతో కూచునే మనిషి ఉండి, నడిచివెళ్ళే దూరంలో ముగ్గురు నలుగురు టీచర్లున్న గవర్నమెంటు బడి ఉంటే, నేనైతే ఐదో తరగతి దాకా అక్కడే వేస్తాను. మిగిలిన డబ్బుతో కథల పుస్తకాలు కొంటాను. ఇంట్లో అలా కూచునేవాళ్ళు ఎవరూ లేక, దగ్గరి బడిలో ఒక్కరే టీచరుంటే కాన్వెంటే నయం, అదీ వాను అరగంటలో చేరేదయితేనే. పిల్ల చదవడంలో బాగా వెనకబడి ఉంటే ఏ బడి అన్నదానికంటే, తరగతిలో పిల్లలు తక్కువగా ఉన్న బడి చూసుకోండి. చురుకైన పిల్లాడి గురించి అసలు అంత టెన్షన్ పడక్కర్లేదు.

మార్చాలనుకుంటే ఐదు అయ్యాకో, ఏడు అయ్యాకో మార్చండి. తొమ్మిదిలో మారిస్తే కొత్త మాస్టార్లకి పిల్లాడు అర్థమయ్యేలోగా పది వచ్చేస్తుంది. టీసీ కోసం పాత బడివాళ్ళు ఫీజు బాకీ పేరుతో తిప్పుతుంటే, గవర్నమెంటు బడికో ఎయిడెడ్ బడికో మారే పిల్లలకి ఎనిమిదో తరగతి దాకా టీసీ వెంటనే ఇవ్వాలని విద్యాహక్కు చట్టం ఐదో సెక్షన్ చెప్తుంది. టీసీ ఆలస్యమైందన్న సాకుతో చేర్చుకోవడం ఆపకూడదని కూడా అందులోనే ఉంది. ఆ సెక్షన్ జిరాక్స్ ఒకటి జేబులో పెట్టుకుని వెళ్ళండి, పని తొందరగా అవుతుంది.